పడవకు ఆగ్నేయం

2011 ఏప్రిల్ 2 రాత్రి వాంఖడే స్టేడియంలో ధోనీ కొట్టిన ఆఖరి సిక్సరు నేను చూడలేదు. నేను చూడకపోతే పోనీ, నా ఖర్మ. ఇంకో 34 మందిని చూడనివ్వలేదు. మనిషికి 700 రూపాయలు పుచ్చుకుని మరీ చూడనివ్వలేదు.

ఇన్నేళ్లూ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే "సిగ్నల్ పోయిందండీ" అని తేల్చేసేవాణ్ణి. మబ్బు పట్టిందేమో, డిష్ పాడైందేమో అనుకుని వాళ్లూ ఊరుకునేవారు. ఆ రోజు మబ్బు లేదు. డిష్ నిక్షేపంలా ఉంది. ఆకాశంలో ఉపగ్రహం ఉండాల్సిన చోటే ఉంది. ఉద్యోగం నుంచి దిగిపోయాను గనక, బుర్ర లేనిది నాకేనని ఇప్పుడు ఒప్పుకోవడం కాస్త సులువు.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఈ ముక్క ముందే చెప్పాలి. చదువుకోనివాడు చేసుంటే దీన్ని అమాయకత్వం అనేవారు. ఏటా ఒక రోజు బోర్డు మీద భూమిని గీసి, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒక చుక్క పెట్టేవాణ్ణి. "ఈ ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతుంది. అందుకని కింద ఉన్నవాడికి ఎప్పుడూ ఒక్కచోటే ఉన్నట్టు ఉంటుంది" అని చెప్పేవాణ్ణి. ఆ కింద ఉన్నవాడు తను కూడా కదలకుండా ఉంటేనే, అన్న మాట ఏ ఏడాదీ కలపలేదు. పుస్తకంలోనూ లేదు లెండి.

ఆ ఏడు సంక్రాంతికి మా బావమరిది దిండి దగ్గర వశిష్ఠ గోదావరిలోకి ఒక హౌస్‌బోటు దించాడు. పాత ఇనుప పంటు ఒకటి కొని, దాని మీద రెండు గదులు, ఒక హాలు, వంటగది, పైన కూర్చోవడానికి డెక్కు కట్టించాడు. కేరళ బోట్ల ఫొటోలు చూసి వేసుకున్న లెక్క. నీళ్లలోకి దించే ముందు సిద్ధాంతిగారిని పిలిచి వాస్తు చూపించాడు. పడవ రేవులో కట్టేసి ఉన్నప్పుడు ఆగ్నేయం ఏ మూలకొస్తుందో ఆ మూల పొయ్యి పెట్టించాడు. నేను పదిమంది ముందూ పగలబడి నవ్వాను. "ఒరేయ్, పడవకు ఆగ్నేయమేమిట్రా! వంపు తిరిగితే నీ పొయ్యి ఈశాన్యానికి పోతుంది, ఇంకాస్త తిరిగితే వాయవ్యానికి పోతుంది. సిద్ధాంతిగారిని కూడా ఎక్కించుకుని తిరుగుతావా?" అన్నాను. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. ఇదంతా జనవరి మాట.

మార్చి 30న మొహాలీ సెమీఫైనల్లో పాకిస్తాన్ మీద గెలిచాం. ఇంకా వీధిలో టపాకాయలు ఆగలేదు, బావమరిది ఫోను.

"బావా, శనివారం ఫైనలు. గోదారి మధ్యలో, చల్లగాలిలో, పెద్ద టీవీ మీద. భోజనంతో కలిపి మనిషికి 700 పెడదామనుకుంటున్నాను. సోమవారం ఉగాది, ఊళ్లన్నీ చుట్టాలతో నిండిపోయి ఉంటాయి. బోటులో టీవీ వస్తుందంటావా?"

కనుక్కుని చెప్తానని అని ఉంటే సరిపోయేది. "గట్టు మీద వచ్చేది నీళ్ల మీద రాకేం? ఆకాశం అదేగా" అన్నాను.

కొత్త డిష్ కొనడం దండగని, మా మేడ మీద ఉన్నదాన్నే విప్పించాను. నెలనెలా చందా కట్టక్కర్లేని దూరదర్శన్ వారి డిష్ అది. ఫైనలు ఎలాగూ దూరదర్శన్‌లో వస్తుంది. మా నాన్నగారికి అప్పుడు 78 ఏళ్లు. "మరి నేనెక్కడ చూడనురా?" అన్నారు. "ఒక్క రోజే గదా నాన్నగారూ, పక్కింట్లో కూర్చోండి" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు.

శుక్రవారం రాత్రి తెల్లకాగితాలు ముందేసుకుని లెక్క కట్టాను. అప్పట్లో ఆ ప్రసారాలు ఇన్శాట్-4బి మీద వచ్చేవి. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. మన కోనసీమ 82కు కాస్త ఇవతల. అంటే మనకు ఉపగ్రహం ఆగ్నేయంగా, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తున ఉండాలి. ట్యాంజెంట్లూ కోసైన్లూ అన్నీ సరిపోయాయి. శనివారం పొద్దున్నే వచ్చిన డిష్ కుర్రాడు ఒక్క కాగితమూ ముట్టకుండా, చేతిలో కుయ్యిమనే మీటరు పెట్టుకుని, పది నిమిషాల్లో సరిగ్గా అదే మూల పట్టుకున్నాడు. నాకు గర్వంగా ఉంది. దగ్గరుండి డెక్కు కమ్మీకి డిష్‌ను నాలుగు బోల్టులతో బిగించాను. నట్టు మీద నట్టు వేయించాను. మూతి ఆగ్నేయానికి.

జనవరిలో నవ్విన నవ్వు అప్పుడు గుర్తుకు రాలేదు.

పడవ ముందూ వెనకా మోకులతో రేవులో కట్టేసి ఉంది. టీవీలో బొమ్మ అద్దంలా వస్తోంది. కుర్రాడు సామాను సర్దుకుంటూ "మాస్టారూ, బోటు కదిలితే ఎలాగండీ?" అన్నాడు.

"లంగరు వేశాక ఒకసారి సరిచేసుకుంటాం. లంగరు వేసిన పడవ కదలదు గదయ్యా" అన్నాను.

కుర్రాడు సరంగు వైపు చూశాడు. సరంగు అరవై దాటిన మనిషి. ఆయన బీడీ పారేసి, "రేవులోనే ఉంచేద్దామండి, గాలి ఇక్కడా వస్తాది. కాదూ కూడదంటే డిష్షు గట్టు మీద పాతేసి వైరు లాక్కుందాం" అన్నాడు.

చెయ్యాల్సిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ నడి గోదారి అని చెప్పి డబ్బు పుచ్చుకున్నాం. పైగా సరంగుకు ఉపగ్రహాల సంగతి ఏం తెలుసులే అనిపించింది. తెలియదు, నిజమే. నేను ఉపగ్రహం గురించి అడగాల్సిన అవసరమూ లేదు. ఆయన్ని పడవ గురించి అడగాల్సింది.

మధ్యాహ్నం రెండున్నరకు ఆట మొదలయ్యేసరికి జనం వచ్చేశారు. గోలలో సంగక్కర ఏం పలికాడో రిఫరీకి వినపడక టాస్ రెండుసార్లు వేశారు, అది కూడా చూశాం. జయవర్దనె 103 పరుగులూ ఒక్కటి పొల్లుపోకుండా చూశాం. లంక 274 చేసింది. అంతసేపూ పడవలో నన్ను మించినవాడు లేడు. ఎవరో హైదరాబాద్ అల్లుడుగారు "ఇదంతా మీ ఏర్పాటేనటగా సార్" అనేసరికి ఆగలేకపోయాను. విరామంలో నిలబడి పాఠం మొదలుపెట్టాను.

పాఠం మంచిదే, ఇప్పటికీ అంటాను. 1945లో ఆర్థర్ సి. క్లార్క్ 'వైర్‌లెస్ వరల్డ్' అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఉపగ్రహం భూమితో పాటే తిరిగే ఆ ఎత్తున మూడు కేంద్రాలు నిలిపితే భూమి అంతటికీ ప్రసారాలు అందించవచ్చన్నాడు. అప్పటికి ఆకాశంలోకి ఒక్క ఉపగ్రహమూ పోలేదు. తర్వాత ఆయన వెళ్లి స్థిరపడింది ఎక్కడనుకున్నారు, ఇవాళ మనతో ఆడుతున్న శ్రీలంకలోనే. 2008లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. 1975లో మన ఇస్రో వాళ్లు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ చూపించారు. అందులో మన రాష్ట్రమూ ఉంది. ఆ పల్లెల్లో పెట్టిన డిష్‌లు పది అడుగుల వెడల్పున, కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప వలతో చేసినవి. ఆ ప్రసారాలు చూసుకోమని మన ఇంజనీర్లే కొలంబో వెళ్లి క్లార్క్‌గారింట్లో ఒక డిష్ పెట్టి వచ్చారు. ఇంతవరకూ చెప్పి అందరి మొహాలూ చూశాను.

ముందు వరసలో కూర్చున్న ఎనిమిదో తరగతి కుర్రాడు, "ఆయన బోటులో పెట్టుకోలేదాండీ?" అని అడిగాడు.

"లేదమ్మా, ఇంటి దగ్గరే" అని నవ్వేశాను.

మోకులు విప్పారు. పడవ రేవు వదిలి తిరిగేసరికి తెర మీద బొమ్మ గడ్డకట్టింది, తర్వాత నల్లబడింది. ఇది నేను అనుకున్నదే గనక కంగారు పడలేదు. చించినాడ వంతెనకు కాస్త దిగువన, నడి ఏట్లో లంగరు వేశారు. వేసవిలో ధవళేశ్వరం నుంచి కిందికి వదిలే నీళ్లు తక్కువ. అక్కడ ఏటిని ఆడించేది సముద్రమే. మర్నాడు అమావాస్య, ఆ పోటు మామూలు పోటు కాదు. నీళ్లు కింద నుంచి పైకి తోస్తున్నాయి గనక పడవ అణియం, అంటే ముందు కొస, సముద్రం ఉన్న అంతర్వేది వైపు పెట్టుకుని నిలబడింది. వెనక కొస, అమరం దగ్గర ఉన్న మా డిష్ ఇప్పుడు ఏ లోకానికేసి చూస్తోందో.

సరిచేద్దామంటే నాలుగు బోల్టులు, నట్టు మీద నట్టు. స్పానర్లన్నీ కుర్రాడి సంచిలో ఉన్నాయి, కుర్రాడు గట్టు మీద దిగిపోయాడు. వాడికీ మ్యాచ్ ఉంది గదా. ఇంజన్ గదిలోంచి ఒక స్పానరు పట్టుకొచ్చి విప్పుతుండగానే కింద ఫోన్లో ఎవరో "సెహ్వాగ్ పోయాడు, రెండో బంతికే" అని అరిచారు. చెమటలు కక్కుతూ తిప్పీ తిప్పీ ఎలాగో బొమ్మ తెప్పించాను. వచ్చిన మొదటి బొమ్మలో సచిన్ తల వంచుకుని పెవిలియన్‌కు నడుస్తున్నాడు. 31కి రెండు వికెట్లు.

"మాస్టారూ, కట్టేయండి బాబూ" అని వెనక నుంచి ఒకాయన దణ్ణం పెట్టాడు.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు యాతన. అరవై సెంటీమీటర్ల డిష్‌కు కనిపించే ఆకాశం చాలా సన్నం. చెయ్యి చాపి రెండు వేళ్లు పక్కపక్కన నిలబెడితే ఎంత మేర కప్పుతాయో, సుమారుగా అంత. ఆ మేరలో ఉపగ్రహం ఉంటేనే బొమ్మ. లంగరు వేసిన పడవ ఉన్నచోటే ఉంటుంది, కాదనను. కానీ పలుపుతాడుకు కట్టిన గేదెలా కాసేపు అటు జరిగి, కాసేపు ఇటు జరిగి, నిదానంగా నెమరేస్తుంటుంది. పడవ పది డిగ్రీలు తిరిగితే అంత ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి డిష్ నాలుగు డిగ్రీలు తప్పుకుంటుంది. రెండు వేళ్ల మేర దాటిపోవడానికి అది చాలు. ఈ లెక్క నేను తర్వాత ఎప్పుడో తీరిగ్గా కట్టుకున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా గంభీర్ బ్యాటు ఎత్తడం కనిపిస్తోంది, బంతి ఎటుపోయిందో కనిపించడం లేదు. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి గంభీర్ భుజం మీద మలింగ జుట్టు వచ్చి వాలుతోంది.

ఇక బోల్టుల పని కాదని, ఒక కళాసీ కుర్రాణ్ణి డిష్ చేత్తో పట్టుకుని నిలబడమన్నాను. కింద టీవీ దగ్గర నేను. మెట్ల మీద బావమరిది. నేను "కాస్త ఎడమకి" అంటే వాడు "ఎడమకిరా" అని పైకి కేకేసేవాడు. ఆ కేక చేరి, కుర్రాడు తిప్పేసరికి పడవ కుడికి జరిగి ఉండేది. "వచ్చింది, ఆపు ఆపు" అంటే ఆగేది కుర్రాడు. పడవ ఆగదు. ఇలాగే కోహ్లీ 35 కొట్టాడు, ఇలాగే ఔటయ్యాడు. కోడిపలావు చల్లారిపోయింది. ముట్టినవాడు లేడు.

ఒకటి మాత్రం నవ్వులాటగా చెప్పలేను. యువరాజ్ రావాల్సిన చోట ధోనీ దిగుతున్నాడని ఫోన్లో తెలిసింది. సరిగ్గా అప్పుడే బొమ్మ నిలకడగా వచ్చింది. "వచ్చింది వచ్చింది" అని నేనే అరిచాను. పైన గాలికి కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి మెట్ల మీదికి, హాల్లో ఉన్నవాళ్లంతా టీవీ ఉన్న ఎడమ గోడ వైపుకి తోసుకొచ్చారు. పడవ ఎడమకు ఒరిగింది. గ్లాసులు దొర్లిపోయాయి. సరంగు అంత గొంతు చేసుకోవడం నేను ఎప్పుడూ వినలేదు. "కూకోండి! ఎక్కడోళ్లక్కడ కూకోండి!" అందరూ చతికిలబడ్డారు. పడవ మెల్లగా సర్దుకుంది. ఆ క్షణంలో కూడా నేను చూస్తున్నది సిగ్నల్ గీతనే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిందని టీవీలో చూసినప్పుడు ఆ గ్లాసులు దొర్లిన చప్పుడే చెవిలో పడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పది దాటాక సరంగు నా దగ్గరికొచ్చి, "పోటు తిరుగుతోందండి" అన్నాడు.

"తిరగనీవయ్యా, మనకేం" అన్నాను. గంభీర్ 97 మీద ఉన్నాడు.

కాసేపు నీళ్లు అటూ ఇటూ కాకుండా నిలిచిపోయాయి. ఆ కాసేపే ఆ రాత్రి మొత్తం మీద బొమ్మ బాగా వచ్చింది. పెరీరా బంతికి గంభీర్ వికెట్లు ఎగిరిపోవడం కళ్లారా చూశాం. తర్వాత నీళ్లు సముద్రంలోకి తీసే పాటు మొదలైంది. పడవ లంగరు చుట్టూ కదిలింది. ఎడమ చేతి వైపు ఉన్న గట్టు దీపాలు మెల్లగా వెనక్కి జరిగాయి, తర్వాత కుడి చేతి వైపుకి వచ్చాయి. అణియం పైకి తిరిగింది, అమరం సముద్రం వైపుకి పోయింది. కళాసీ కుర్రాడు డిష్ ఎత్తి పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు, నీళ్ల ట్యాంకు చుట్టూ, గుళ్లో ప్రదక్షిణ చేసినట్టు తిరిగాడు. వాడి వెనక నల్ల వైరు ట్యాంకుకు చుట్టుకుంటూ వచ్చింది. నేను కింద నుంచి "ఇంకా, ఇంకా" అంటున్నాను. వాడు ఇంకో అడుగు వేశాడు. వైరు చాల్లేదు. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ దగ్గర ఊడొచ్చింది.

"అయిపోయిందండి మాస్టారూ" అని పైనుంచి వినపడింది.

నరసాపురం నుంచి వచ్చిన ఒకాయన వాళ్లావిడకు ఫోన్ చేసి, సెల్లు టీవీ ముందు పెట్టమన్నాడు. అందరం ఆ ఒక్క ఫోను చుట్టూ, ఈసారి పడవ మధ్యలో, చతికిలబడి కూర్చున్నాం. ఎదురుగా పెద్ద టీవీ నల్లగా ఉంది. 11 బంతులు, నాలుగు పరుగులు అని వినిపించింది. ఆ తర్వాత ఆయన ఫోన్లో బ్యాలెన్స్ అయిపోయింది.

ముందు చించినాడ వైపు నుంచి టపాకాయలు పేలాయి. తర్వాత దిండి వైపు. గెలిచామని అలా తెలిసింది. ఎలా గెలిచామో ఎవరికీ తెలియదు. యువరాజ్ ఫోర్ కొట్టి ఉంటాడని కొందరు, వైడ్లు వేసి ఉంటారని ఒకాయన, రేవు చేరేదాకా వాదించుకున్నారు. టీ కొట్టు అతను చెప్పాడు, "సిక్సండీ, ధోనీ. లాంగాన్ మీదకి. ఆయ్, అదేం చూపండీ ఆయనది! బంతి వెళ్లిపోయేదాకా కళ్లు తిప్పలేదు." నాతో పాటు ముప్ఫై నాలుగు మంది నిలబడి ఆ సిక్సరును ఆయన నోట విన్నారు.

ఇంటికెళ్లేసరికి నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కింటివాళ్లు కుర్చీ వేసి, టీ ఇచ్చి, మొదటి నుంచి చివరి దాకా చూపించారట. "ఎంత దూరం పోయిందిరా అది!" అన్నారు సంబరంగా. నేను కాళ్లు కడుక్కుంటున్నాను. మా ఆవిడ చెంబు అందిస్తూ, "ఏవండీ, మా తమ్ముడి పొయ్యి సరే, మీ ఆగ్నేయం ఎందాకా వెళ్లొచ్చింది?" అంది.

కొన్నేళ్లకు నా దగ్గర చదివి ఓడల్లో ఇంజనీరైన కుర్రాడు విశాఖలో కనిపించాడు. రేవులో ఆగి ఉన్న ఓడ మీద తెల్లటి గుండు ఒకటి చూపించి అదేమిటని అడిగాను. లోపల డిష్ ఉంటుందన్నాడు. ఓడ ఎంత తిరిగిందో, ఎటు ఒరిగిందో, ముందుకెంత వంగిందో గైరోలు కనిపెడుతూ ఉంటాయి. మోటార్లు అంతకంత డిష్‌ను ఎదురు తిప్పుతూ ఉంటాయి. కింద ఓడ ఎన్ని వేషాలు వేసినా డిష్ మొహం మాత్రం ఉపగ్రహం మీదే. ధర లక్షల్లో ఉంటుందట. కొన్ని రకాల్లో లోపలి వైరు ఒకే వైపు చుట్టుకుపోతుంటే డిష్ కాసేపు ఆగి, వెనక్కి తిరిగి, చిక్కు విప్పుకుని మళ్లీ పనిలోకి దిగుతుందట. నాకు ట్యాంకు చుట్టూ తిరిగిన కళాసీ కుర్రాడు కళ్లముందు కనిపించాడు. "ఇదంతా మీ పాఠమే గదా సార్" అన్నాడు శిష్యుడు. ఔనన్నాను.

ఆ ఉగాదికి పచ్చడి కాస్త చేదుగానే ఉంది. పండగ వెళ్లగానే డబ్బు వెనక్కి ఇవ్వాలని బావమరిదిని ఒప్పించి, జీతంలోంచి నేనే ఇచ్చాను. వాడు ఆ రోజూ, ఆ తర్వాతా వాస్తు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. 32 మందికి చేతికిచ్చాను. ఇద్దరు మాత్రం పండగ కాగానే వెళ్లిపోయారు, ఏ ఊరో తెలియలేదు. ఒకరు "కట్టేయండి బాబూ" అని దణ్ణం పెట్టినాయన. రెండోవారు ఆ ఎనిమిదో తరగతి కుర్రాడి తండ్రి. వాళ్ల 1,400 రూపాయలు నా దగ్గర విడిగా కవరులో ఉన్నాయి. ఇది వాళ్ల కంటపడితే దయచేసి వచ్చి తీసుకోండి. దిండి రేవులో మాస్టారని అడిగితే ఇల్లు చూపిస్తారు. కుర్రాణ్ణి కూడా తీసుకురండి.